షాఫ్టు మీద మూత

పదకొండు ఆదివారాలు. నా నోటుబుక్కులో పదకొండు చోట్ల, ఆదివారం అన్న మాట పక్కన, ఎర్రసిరాతో 'త' అని ఉంది. త అంటే తలనొప్పి. మా అమ్మాయి తలనొప్పి. సోమవారం పక్కన ఒక్క త లేదు. శనివారం పక్కన లేదు. గీతలు కొట్టి, తేదీలు వేసి, ఇంత శుభ్రంగా రాసుకున్నవాణ్ణి ఆ పేజీని ఒక్కసారి పైనుంచి కిందికి చదివి చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. ఘాజియాబాద్‌లో రేకుపని చేసే ఒక కంపెనీలో ఎస్టిమేటర్‌గా ఉండేవాణ్ణి. పెద్ద ఆఫీసుల్లో సీలింగు పైనుంచి ఏసీ గాలిని మోసుకుపోయే రేకు గొట్టాలుంటాయి, డక్టులంటారు. ఏ గదికి ఎంత గాలి కావాలి, దానికి ఎంత డక్టు, ఎంత రేకు అన్నది నా లెక్క. నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఈ లెక్కలు నాకెవరూ నేర్పలేదు. ఫ్యాన్ల కంపెనీలవాళ్లు పంచే కేటలాగుల వెనకపేజీల్లో పట్టికలుండేవి. అవి చూసి, పాత డ్రాయింగులు తిరగేసి, భోజనాలవేళ ఇంజనీర్లని విసిగించి నేర్చుకున్నాను. ఆ ఏళ్లలో గుడ్‌గావ్‌లోనూ నోయిడాలోనూ నెలకొక అద్దాలమేడ లేచేది. అందులో కూర్చునే పిల్లలకి గంటకి ఎన్నిసార్లు గాలి మారాలో, వాళ్ల మరుగుదొడ్లలోంచి ఎంత గాలి బయటికి లాగెయ్యాలో నేను లెక్కకట్టేవాణ్ణి. మొహం తెలియని మనుషులకి. మా ఇంటి బాత్రూముకి మాత్రం పదేళ్లలో ఒక్కసారి టేపు పెట్టలేదు.

మాది నాలుగంతస్తుల బ్లాకు, అంతస్తుకి రెండిళ్లు. మేం మూడో అంతస్తు. ఎనిమిదిళ్ల బాత్రూము కిటికీలూ ఒక ఇరుకు బావిలాంటి ఖాళీలోకి తెరుచుకునేవి. దాన్నే షాఫ్టు అంటారు. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, కింద పాకీపనివాడి ఇనపతలుపు, పైన ఆకాశం. అందులో మురుగు పైపులు, వాటి మీద పావురాలు. పావురాల రెట్ట కిటికీల్లోంచి బాత్రూముల్లో పడుతోందనీ, వానకి తడి ఎక్కుతోందనీ ఆ వానాకాలంలో సొసైటీ మీటింగు పెట్టారు. సొసైటీ సెక్రెటరీ మా ఎదురింటి పెద్దమనిషి. ఏదో సర్కారీ దఫ్తరులో రిటైరైనవాడు, చెవిలో ఎప్పుడూ దూది.

"మన మధ్యనే డక్టుల నిపుణుడుండగా బయటి మిస్త్రీ ఎందుకు?" అని హిందీలో నన్ను చూపించాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను. ఆ పొంగుకి నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలి.

మొదట నేను సరిగ్గానే గీశాను. రేకుమూత, దాన్ని నాలుగు కాళ్ల మీద పదిహేనంగుళాలు ఎత్తి, చుట్టూ జాలీ, అంటే ఇనపవల. వాన పడదు, పావురం దూరదు, గాలి పోతుంది. దానికి రేకున్నర కావాలి. సెక్రెటరీ కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"కాళ్లెందుకు భాయ్ సాహబ్? జాలీ అయితే పావురాలు పొడిచేస్తాయి. సీదాగా మూసేస్తే?"

సీదాగా మూసేస్తే ఎంతవుతుందో నా బుర్ర అప్పటికప్పుడే లెక్క చేసేసింది. షాఫ్టు ఏడు బై మూడు. చుట్టూ అరడుగు అంచు కలిపితే ఎనిమిది బై నాలుగు. బజార్లో దొరికే రేకు సరిగ్గా ఎనిమిది బై నాలుగే! కత్తిరించక్కర్లేదు, ముక్క మిగలదు. ఎస్టిమేటర్లకి అదో జబ్బు. ముక్క మిగలని లెక్క తగిలితే గుళ్లో దేవుడు కనిపించినట్టుంటుంది మాకు. పెన్సిల్‌తో ఆ నాలుగు కాళ్లూ కొట్టేశాను. కింద సంతకం పెట్టాను. పది బోల్టులతో రేకు బిగించారు, అంచుల చుట్టూ సిమెంటు పూశారు. వానాకాలం అయ్యేవరకూ అందరూ నన్ను మెచ్చుకున్నారు.

దీపావళి వెళ్లాక చలి మొదలైంది. పొద్దున్నే కరెంటు పోవడం మాకు అలవాటే, అందుకని ఒక్కొక్క ఇల్లే కరెంటు గీజరు తీసేసి గ్యాసు గీజరు పెట్టించుకుంటోంది. మేమూ పెట్టించాం. గోడకి తగిలించే డబ్బా, లోపల మంట, చిన్న సిలిండరు. కొళాయి తిప్పగానే భగ్గుమని వేడినీళ్లు. దానితో ఇచ్చిన పుస్తకం నేను చదివాను. చదవకుండా ఏదీ వాడను. నాలుగో పేజీలో బొమ్మ ఉంది: గీజరు బాత్రూము గోడకి అవతల, ఆరుబయట.

"ఇందులో బయట పెట్టాలని ఉంది కదా?" అని ఫిట్టర్ని అడిగాను.

"అంకుల్‌జీ, కితాబ్ మే తో బహుత్ కుఛ్ లిఖా హోతా హై," పుస్తకంలో ఏవేవో రాస్తారు అన్నాడు నోట్లో మేకు తియ్యకుండానే. "అందరూ లోపలే పెట్టించుకుంటారు. కిటికీ ఉంది కదా!"

కిటికీ ఉంది. అడుగున్నర బై అడుగు, అద్దపు పలకలు. అది షాఫ్టులోకి తెరుచుకుంటుంది. ఆ షాఫ్టు మీద నా మూత ఉంది. ఈ మూడు మాటలూ నాకు విడివిడిగా తెలుసు. కలిపి కూడటానికి నాకు పదకొండు ఆదివారాలు పట్టింది.

ఆదివారం మా ఇంట్లో తలంటు. నేను, నా భార్య వారమంతా బకెట్ నింపుకుని, గీజరు కట్టేసి, నాలుగు చెంబులు పోసుకుని బయటపడేవాళ్లం. అమ్మాయి కూడా స్కూలు రోజుల్లో అంతే. చుట్టుపక్కల పంజాబీ, యూపీ వాళ్ల పిల్లలు చలికాలంలో రోజు విడిచి రోజు పోసుకునేవాళ్లు. మా అమ్మాయికి నడుం దాటిన జుట్టు. ఆదివారం పొద్దున ఆముదం పెట్టి, గంట నాననిచ్చి, మా ఊరినుంచి తెచ్చుకున్న కుంకుడుకాయల పులుసుతో నా భార్య తలరుద్దేది. పది నిమిషాలు రుద్ది బయటికొచ్చేది. మిగతా పావుగంటా అమ్మాయి కొళాయి కింద కూర్చుని జుట్టు జాలాడించుకునేది. అంతసేపూ గీజరు మండుతూనే ఉండేది.

తలంటు రోజున గాలి తగలకూడదని మావాళ్లందరికీ పట్టింపు. మా అమ్మకీ, వాళ్లమ్మకీ, అందరికీ. చల్లగాలి తగిలితే పడిశం, పడిశం ముదిరితే జ్వరం. అందుకని నా భార్య బయటికి రాగానే తలుపు కింద సందులో పాత తువ్వాలు మడిచి కుక్కేది. స్నానమయ్యాక హాల్లో కిటికీలు మూసి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పొగ మీద జుట్టు ఆరబెట్టేది. ఇల్లంతా పండగ వాసన. అప్పుడు మొదలయ్యేది తలనొప్పి.

మొదటి మూడు వారాలు రాసుకున్నానే గానీ పట్టించుకోలేదు. నాలుగో వారం కళ్లజోడు మార్పించాను. ఆరో వారం సాంబ్రాణి మాన్పించాను. నా భార్య గొణిగింది గానీ మానేసింది. తలనొప్పి మానలేదు. "తల రుద్ది వచ్చాక నాకూ కాస్త దిమ్ముగా ఉంటోందండీ," అని ఆవిడ ఓసారి అంది. నేను దాన్ని రాసుకోలేదు. పిల్ల తలనొప్పి పేజీలో పెద్దవాళ్ల దిమ్ము ఎందుకు?

ఎనిమిదో ఆదివారం నేను అన్న మాట నన్ను వదలదు. అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. తలకి తువ్వాలు చుట్టుకుని, సోఫాలో ముడుచుకుని, కళ్లు మూసుకుని ఉంది. లెక్కల పుస్తకం ఒళ్లో ఉంది గానీ తెరవలేదు. నేను పేపర్లోంచి తల ఎత్తి అడిగాను.

"వారమంతా బాగుండే తల ఆదివారమే ఎందుకు నొప్పి పుడుతుందమ్మా? రేపు స్కూలుందనా?"

"పాపా, సచ్ మే దర్ద్ హో రహా హై." నిజంగానే నొప్పెడుతోంది నాన్నా, అంది.

"అదే అడుగుతున్నా. ఆదివారమే ఎందుకని?"

అది కళ్లు తెరిచి నన్ను చూసింది. తెలుగు అంతా అర్థమవుతుంది దానికి, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. "హిసాబ్ తో ఆప్ కో ఆతా హై. ఆప్ హీ బతావో," అంది. లెక్కలు నీకు వచ్చు కదా, నువ్వే చెప్పు. అని గోడవైపు తిరిగి పడుకుంది.

అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అదే. దాన్ని నేను వెటకారానికి వాడుకున్నాను.

తొమ్మిదో వారం బాత్రూములో ఊపిరాడటం లేదని చెప్పింది. "అయితే కిటికీ పలకలు పూర్తిగా తెరువు," అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. తెరిచింది. ఆ రోజు తలనొప్పితోపాటు వాంతి కూడా అయింది. ఎర్రసిరాతో 'త', పక్కన 'వా' రాశాను. పదోవారం 'త'. పదకొండోవారం నేను ఏమీ రాయలేదు. తర్వాత ఎప్పుడో రాశాను.

ఆ పదకొండో ఆదివారం పొద్దున పొగమంచుకి ఎదురు బ్లాకు కనిపించడం లేదు. నా భార్య తల రుద్ది వచ్చి, తువ్వాలు కుక్కి, పప్పు పొయ్యి మీద పెట్టింది. నేను కరెంటు పోయిన వేళ రాసుకుంటున్నాను. లోపల చెంబు పడిన చప్పుడైంది. చెంబు పడటం మామూలే. దాని వెనకే ఇంకో చప్పుడు, మెత్తగా, బరువుగా. నా భార్య పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. నీళ్లు పడుతున్న చప్పుడు, గీజరు హోరు, అంతే.

రెండు తాపులకి గడియ ఊడింది. పిల్ల గోడవారగా పక్కకి ఒరిగి ఉంది. ఒంటి మీద తడి లంగా, జుట్టంతా మొహమ్మీద. నా భార్య పెట్టిన కేక కింది అంతస్తుకి వినిపించింది.

కింది ఇంట్లో ఉండేది గుంటూరు వైపు నర్సు, ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో పని. చర్చికి బయల్దేరుతూ తెల్లచీర కట్టుకుని, బైబిలున్న సంచీ భుజాన వేసుకుని ఉంది. ఆ సంచీతోనే పైకి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ వచ్చేసరికి మేమేం చేస్తున్నామో చెప్పాలి. పిల్లని హాల్లో పడుకోబెట్టి, రెండు రజాయిలు కప్పి, చల్లగాలి తగలకుండా బాల్కనీ తలుపు మూసి, నా భార్య అరికాళ్లు రుద్దుతోంది, నేను రెండో కిటికీ మూస్తున్నాను.

ఆవిడ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి బాత్రూము వైపు చూసింది.

"గ్యాసు గీజరా? అన్నయ్యగారూ, మీకు బుద్ధుందా? మూస్తారేంటి! తెరవండి! అన్నీ తెరవండి!"

"చలి కదమ్మా, తలంటు పోసుకున్న పిల్ల..." అంది నా భార్య.

"చలికి చావదు వదినగారూ! గాలి లేక చస్తుంది! లేవండి, అటు కాళ్లు పట్టుకోండి."

ఇద్దరూ కలిసి పిల్లని బాల్కనీలోకి ఈడ్చారు. నేను గ్యాసు కట్టేశాను. పొగమంచులో తడి జుట్టుతో నా కూతురు నేలమీద పడి ఉంది. నర్సు దాని గడ్డం పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో చెంపమీద కొడుతూ పేరుపెట్టి పిలుస్తోంది. నా చేతికి గడియారముంది. పిల్ల కళ్లు తెరవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. చాలా లెక్కలు చేశాను నా జీవితంలో, ఆ నాలుగు అంత పెద్ద అంకె నాకింకెక్కడా తగల్లేదు.

ఆసుపత్రిలో సాయంత్రందాకా ఆక్సిజన్ పెట్టారు. రాత్రి అక్కడే ఉంచి మర్నాడు పంపించారు. పిల్ల దక్కింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడినుంచి నాది ఏడుపు కాదు, కోపం.

ఎవరి మీద కోపం? మొదట ఫిట్టరు మీద వచ్చింది. నాలుగో పేజీలో బొమ్మ గీసి, ఆ బొమ్మకి విరుద్ధంగా వేలాది ఇళ్లలో బిగించడానికి మనుషుల్ని పంపిన కంపెనీ మీద వచ్చింది. అడుగున్నర కిటికీని బావిలోకి తెరిచి దాన్ని గాలి అని అమ్మిన బిల్డరు మీద వచ్చింది. తర్వాత నోటుబుక్కు తీశాను.

బుధవారం సెలవు పెట్టాను. టేపు పెట్టి బాత్రూము కొలిచాను. ఆరున్నర, అయిదు, ఎత్తు తొమ్మిది. రెండు వందల తొంభై రెండున్నర ఘనపుటడుగులు, అంటే ఎనిమిది ఘనమీటర్ల పైచిలుకు. చిన్న సిలిండరు విప్పి కిరాణాకొట్టు కాటా మీద తూచాను. కొట్టువాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. తిరిగి తెచ్చి బిగించి, తలుపు బార్లా తెరిచి, లోపల ఎవరూ లేకుండా గీజరు తలంటుకి పట్టేంతసేపు, ఇరవై ఆరు నిమిషాలు, మండించాను. మళ్లీ తూచాను. నాలుగు వందల గ్రాములు తగ్గింది. కిలో గ్యాసు కాలడానికి సుమారు పన్నెండు ఘనమీటర్ల గాలి కావాలని మా ఆఫీసులో ఉన్న పాత పుస్తకంలో ఉంది. నాలుగు వందల గ్రాములకి దాదాపు అయిదు. గదిలో ఉన్నదే ఎనిమిది. అంటే నా కూతురు తల కడుక్కుంటుండగా గోడమీది డబ్బా గాలిలోని ప్రాణాన్ని సగానికి పైగా తినేస్తోంది. చాలినంత గాలి దొరకని మంట విషం కక్కుతుంది. దానికి వాసనుండదు, రంగుండదు. కుంకుడుకాయ వాసనే వస్తుంటుంది.

ఈ లెక్కకి నాకు పట్టినది పావుగంట. పావుగంట!

ఇంకొకటి మిగిలింది. కిటికీ తెరిచిన రోజునే వాంతి ఎందుకయింది? తర్వాతి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి, బ్లాకంతా స్నానాల్లో ఉన్నప్పుడు, మా గీజరు వెలిగించకుండా, అగరుబత్తి అంటించి కిటికీ దగ్గర పట్టుకున్నాను. పొగ బయటికి పోవాలి. పోలేదు. నా మొహంమీదికి వచ్చింది. ఎనిమిదిళ్లలో అయిదిళ్లకి గ్యాసు గీజర్లు. అందరి కిటికీలూ షాఫ్టులోకే. ఏడు, మూడు, నలభై రెండు: ఎనిమిది వందల ఎనభై రెండు ఘనపుటడుగుల పెట్టె, పైన సిమెంటు పూసిన మూత. ఆదివారం పొద్దున నాలుగిళ్ల మంటలు వదిలినది మా కిటికీలోంచి లోపలికి వస్తోంది. ఆ కిటికీ తెరవమని చెప్పింది నేను.

సెక్రెటరీ తలుపు తట్టాను. ఆ సాయంత్రమే కింద పార్కింగులో మీటింగు పెట్టించాను. లెక్కంతా కాగితం మీద రాసుకెళ్లి, నాకొచ్చిన హిందీలో చదివాను. మూత తియ్యాలి, గీజర్లు బయటికి మార్చాలి అన్నాను.

నాలుగో అంతస్తు ఆయన నవ్వాడు. "ఈ మద్రాసీ లోగ్ స్నానం కూడా గంటసేపు చేస్తారు! మేము అయిదు నిమిషాల్లో తెముల్చుకుంటాం. మాకేం కాలేదే?"

"మీ ఆవిడకి తలనొప్పి రాదా?" అని నర్సు వెనకనుంచి అడిగింది. ఆయన నవ్వు ఆగింది. ఆయన భార్య నేలచూపులు చూసింది.

సెక్రెటరీ చెవిలో దూది సర్దుకుని, ఫైలు తెరిచి, ఒక కాగితం తీసి పైకెత్తి అందరికీ చూపించాడు.

"భాయ్ సాహబ్, ఇది ఎవరి నక్షా? ఈ కాళ్లు కొట్టేసింది ఎవరు? కింద దస్తఖత్ ఎవరిది?"

పెన్సిల్ గీతలు అక్కడివరకూ కనిపిస్తున్నాయి. నాలుగు కాళ్ల మీద నాలుగు అడ్డగీతలు. నా సంతకం, కింద చుక్క కూడా పెట్టాను.

"నాదే," అన్నాను.

"మరి? సొసైటీని అంటారేం?"

"నాదే కాబట్టి నేనే తీస్తాను."

"అలా కుదరదు. ప్రస్తావం పాస్ కావాలి. హోలీ తర్వాత జనరల్ మీటింగు ఉంది."

హోలీకి ఇంకా అయిదు ఆదివారాలున్నాయి. అయిదు ఆదివారాలు, అయిదు గీజర్లు. వాళ్లకి అది మీటింగు తేదీ. నేను ఇంటికి పోయి పానాలు తీశాను, ఉలి, సుత్తి తీశాను. అమ్మాయి మఫ్లరు చుట్టుకుని నా వెనకే మేడ ఎక్కింది. వద్దన్నా వినలేదు. సిమెంటు కొట్టి, ఒక్కొక్క బోల్టూ విప్పుతుంటే అది చేత్తో పట్టుకుని లెక్కపెడుతోంది. ఏడు తేలిగ్గా వచ్చాయి. ఎనిమిదోది తుప్పు పట్టింది.

కింద మెట్ల మీద సెక్రెటరీ అరుపులు. పోలీసుల్ని పిలుస్తాననీ, సొసైటీ ఆస్తి అనీ. మెట్ల తలుపు దగ్గర నా భార్య అడ్డంగా నిలబడింది. పదేళ్లలో ఆయనతో నమస్తే తప్ప మాట్లాడని మనిషి.

"అంకుల్‌జీ, పహలే ఆప్ నహాకే ఆయియే," అంది. ముందు మీరు స్నానం చేసి రండి అని.

"క్యా?"

"మా బాత్రూములో. తలుపేసుకుని, గీజరు పెట్టుకుని, ఇరవై ఆరు నిమిషాలు. నేను బయట గడియారం పెట్టుకు కూర్చుంటాను. ఆ తర్వాత పైకెళ్లి మూత బిగించుకోండి. మేమేమీ అనం."

మెట్ల మీద ఎవరో పక్కున నవ్వారు. నాలుగో అంతస్తు ఆయన భార్య. సెక్రెటరీ ఏదో గొణుక్కుంటూ దిగిపోయాడు.

తొమ్మిది, పది. రేకుని నేనూ అమ్మాయీ రెండువైపులా పట్టుకుని పక్కకి లాగాం. షాఫ్టులోంచి వెచ్చగా, మురిగిన వాసనతో ఒక ఊపు పైకి వచ్చి మా మొహాలకి తగిలింది. ఆర్నెల్లనుంచి లోపల ఉన్నది అది. అమ్మాయి వెనక్కి జరిగింది.

"ఛీ! యే హమ్ సూంఘ్ రహే థే?" ఇదా మనం పీల్చింది?

అవునన్నాను. ఇంకా చెప్పాల్సింది ఉంది, చెప్పాను. ఆ కాళ్లు కొట్టేసింది నేనేనని. ఆదివారమే ఎందుకని నిన్ను వెక్కిరించింది కూడా నేనేనని. అది పది బోల్టులూ నా అరచేతిలో పోసింది. "మాలూమ్ హై," తెలుసు అంది. మీటింగులో వెనక నిలబడి అంతా విన్నదట. మన్నించానని అనలేదు. నేనూ అడగలేదు.

తర్వాత అదే రేకుని పదిహేనంగుళాల కాళ్ల మీద ఎత్తి, చుట్టూ జాలీ కట్టించాను. వాలు జల్లు కొట్టకుండా అంచులకి ఇంకో సగం రేకు పట్టింది, ముక్క మిగిలింది. గీజరు బాల్కనీకి మారింది. మిగతా నాలుగిళ్లకీ నోటుబుక్కూ లెక్కకాగితమూ పట్టుకుని తిరిగాను. రెండిళ్లవాళ్లు మార్చుకున్నారు. రెండిళ్లవాళ్లు "దేఖేంగే", చూద్దాం అన్నారు. సెక్రెటరీ వాళ్లలో ఒకడు. మేం ఆ బ్లాకు వదిలేనాటికీ ఆయన గీజరు లోపలే ఉంది, ఆయన మనవరాలు సెలవులకి వచ్చి అందులోనే స్నానం చేసేది. దాని గురించి ఆయనతో నేను నాలుగుసార్లు పోట్లాడాను. చివరిసారి ఆయన నా మొహంమీద తలుపేశాడు. ఇప్పటికీ ఆ తలుపు తలుచుకుంటే నా పిడికిలి బిగుస్తుంది.

ఆదివారం తలంటు మానలేదు మేము. తువ్వాలు పోయింది, తలుపు గడియ నేను మళ్లీ పెట్టించలేదు. నేను హాల్లో గడియారం పెట్టుకు కూర్చుని, రెండు నిమిషాలకోసారి పిలిచేవాణ్ణి. లోపల్నుంచి జవాబు వచ్చేది: "జిందా హూఁ, పాపా!" బతికే ఉన్నాను నాన్నా, అని. మొదట్లో విసుగ్గా, తర్వాత పాటలాగా. ఒకసారి కావాలని పలకలేదు. నేను తలుపు తోసుకుని వెళ్లబోతుంటే లోపల నవ్వింది. ఆ రోజు నేను దాన్ని కొట్టినంత పని చేశాను. అది మళ్లీ ఎప్పుడూ అలా చెయ్యలేదు.

కొన్నేళ్లకి దానికి గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగు సీటు వచ్చింది. హాస్టల్లో దింపి, పెట్టెలు మోసి, బస్సెక్కి వచ్చేశాం. అమ్మాయిల అంతస్తులోకి నన్ను రానివ్వలేదు, నేను ఏదీ చూడలేకపోయాను. ఇంటికి రాగానే ఫోను చేశాను. భోజనం ఎలా ఉంది, రూములో ఎవరున్నారు అని వాళ్లమ్మ అడిగింది. తర్వాత నేను ఫోను తీసుకున్నాను. నేను నోరు తెరవకముందే అది మొదలుపెట్టింది. ఆ ఒక్కసారి పూర్తిగా తెలుగులోనే చెప్పింది, తడబడుతూ, మాటలు వెతుక్కుంటూ.

"గీజరు కరెంటుది, పాపా. కిటికీ నాలుగు జానలు, రెండు జానలు. షాఫ్టులోకే తెరుచుకుంటుంది. నేను మేడ ఎక్కి చూశాను. పైన మూత లేదు."

నోటుబుక్కు తీసి రాసుకున్నాను. నాలుగు జానలు, రెండు జానలు. తర్వాత దాని జాన ఎంతో తెలియదని గుర్తొచ్చి, మళ్లీ ఫోను చేశాను.